భుజం మోయగల డీఎస్‌ఎల్‌ఆర్

మాస్టారూ, నమస్కారం.

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ముందుగా చెబుతాను, పొరపాటుంటే సరిదిద్దండి. మీ దగ్గర కెనాన్ 5డి మార్క్ 3, దానితో పాటు మామూలు దృశ్యాలకు 24-70 ఎఫ్ 2.8, దూరపు దృశ్యాలకు 70-200 ఎఫ్ 2.8 లెన్సులు ఉన్నాయి. కుడి భుజం నొప్పి మొదలైనప్పటి నుంచి, అంటే దాదాపు రెండేళ్లుగా, అవి బీరువా దాటి బయటికి రాలేదు. ఉద్యోగ విరమణ తర్వాత గుళ్లలోని శిల్పాలు, చేనేత మగ్గాలు, ఇంట్లో మనవళ్లు, వీటిని తీరికగా ఫోటోలు తీసుకోవాలన్నది మీ కోరిక. మీ మేనల్లుడు సెకండ్ హ్యాండ్‌లో కెనాన్ 200డి మార్క్ 2 గానీ, నికాన్ డి3500 గానీ కొనమంటున్నాడు. మీ మిత్రులేమో అవి పిల్లల కెమెరాలనీ, ఫుల్ ఫ్రేమ్ (బొమ్మను పట్టే సెన్సర్ పెద్దదిగా ఉన్న కెమెరా) వాడిన చేత్తో వాటిని పట్టుకోవడం నామోషీ అనీ అంటున్నారు. ఎవరి మాట వినాలని అడిగారు.

మేనల్లుడి మాటే వినండి. ఇరవై ఏళ్లకు పైగా పెళ్లిళ్లలో పెద్ద కెమెరాలు మోసి, మెడ నరం పట్టేసి, చివరికి సొంత ఫోటోలకు చిన్న డీఎస్‌ఎల్‌ఆర్‌కే, అంటే లోపలి అద్దం ద్వారా లెన్సులోంచి నేరుగా చూస్తూ తీసే డిజిటల్ కెమెరాకే, వచ్చి చేరినవాణ్ని కనుక ఈ మాట అనుభవంతోనే చెబుతున్నాను. అయితే మీ మేనల్లుడు చెప్పని మెలిక ఒకటి ఉంది. తేలికైన బాడీ కొన్నంత మాత్రాన బరువు తగ్గదు, దానికి తగిలించే లెన్సుల విషయంలో కూడా మనసు మార్చుకుంటేనే తగ్గుతుంది. చిన్న బాడీ కొని దానికి పాత 70-200 తగిలించుకుని తిరిగేవారిని నేను చాలామందిని చూశాను. వారికి మిగిలింది కొత్త కెమెరా ఖర్చు, పాత భుజం నొప్పి.

లెక్క చూడండి. మీ 5డి మార్క్ 3 బాడీ బ్యాటరీ, కార్డులతో కలిపి 950 గ్రాములు. 24-70 రెండవ తరం లెన్సు 805 గ్రాములు, 70-200 రెండవ తరం లెన్సు 1490 గ్రాములు. మొత్తం 3245 గ్రాములు, సంచి బరువు అదనం. ఇదే సామాను నా దగ్గర కూడా ఉన్న రోజుల్లో మా వీధి కిరాణా కొట్టులో కాటా మీద పెట్టి తూచాను. కొట్టు యజమాని అంకె చూసి, "ఇంత కందిపప్పు అయితే మీ ఇంటికి నెల గడిచిపోతుంది కదండీ" అన్నాడు. ఇప్పుడు రెండో వైపు చూడండి. 200డి మార్క్ 2 బ్యాటరీ, కార్డుతో కలిపి 449 గ్రాములు, దానికి 24 ఎంఎం ఎఫ్ 2.8 ఎస్‌టీఎం అనే పలుచని లెన్సు 125 గ్రాములు, దూరపు దృశ్యాలకు 55-250 ఎస్‌టీఎం లెన్సు 375 గ్రాములు. మూడూ కలిపి 949 గ్రాములు. అంటే దగ్గరి లెన్సు, దూరపు లెన్సు, కెమెరా అన్నీ కలిపినా మీ పాత కెమెరా బాడీ ఒక్కదాని కంటే ఒక గ్రాము తక్కువే తూగుతాయి. మీ మిత్రులు మళ్లీ నామోషీ అన్నప్పుడు వారికి ఈ ఒక్క అంకె చెప్పండి.

చిన్న ఎస్‌ఎల్‌ఆర్ (డీఎస్‌ఎల్‌ఆర్‌కు ఫిల్మ్ కాలపు రూపం) మీద మోజు నేటిది కాదు. జపాన్‌లో ఒలింపస్ సంస్థ ఇంజనీరు యోషిహిసా మైతాని, అప్పటి ఎస్‌ఎల్‌ఆర్‌ల బరువుతో విసిగి, 1972లో సుమారు అర కిలో బరువుండే ఫిల్మ్ కెమెరాను ఎం-1 పేరుతో తెచ్చారు. పేరు విషయంలో లైకా అభ్యంతరం చెప్పడంతో అది ఓఎం-1 అయింది. డిజిటల్ వచ్చాక సర్క్యూట్ బోర్డులు, వెనక తెర, పెద్ద బ్యాటరీ చేరి కెమెరాలు మళ్లీ లావెక్కాయి. 2003లో సామాన్యుడికి అందుబాటులోకి వచ్చిన కెనాన్ 300డి బాడీ 560 గ్రాములు ఉండేది. ఒలింపస్ 2007లో ఇ-410ని బ్యాటరీ లేకుండా 375 గ్రాములకు దించింది కానీ, దాని సెన్సర్ కూడా చిన్నదే. ఏపీఎస్-సీ సెన్సర్‌ను (ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్నది, ఇ-410 సెన్సర్ కంటే పెద్దది) ఉంచుకుంటూనే బ్యాటరీ, కార్డుతో కలిపి 407 గ్రాములకు దించినది 2013లో వచ్చిన కెనాన్ 100డి. నికాన్ డి3500 2018లో 415 గ్రాములతో వచ్చింది.

ఇంత బరువు ఎక్కడ తగ్గించారో తెలిస్తే, ఏం పోగొట్టుకున్నామో కూడా తెలుస్తుంది. డీఎస్‌ఎల్‌ఆర్‌లో లెన్సు బిగించే కంకణానికీ సెన్సర్‌కీ మధ్య దూరం మారదు. కెనాన్‌లో అది 44 మిల్లీమీటర్లు, నికాన్‌లో 46.5. ఆ ఖాళీలోనే అద్దం పైకీ కిందికీ ఊగాలి కనుక కెమెరా మందాన్ని ఒక హద్దు దాటి తగ్గించడం ఎవరి తరమూ కాదు. అందుకని తక్కిన చోట్ల తగ్గించారు. సెన్సర్ చిన్నది కనుక అద్దమూ షట్టరూ చిన్నవయ్యాయి, లోహపు చట్రానికి బదులు గట్టి ప్లాస్టిక్ వచ్చింది. అన్నిటికంటే ముఖ్యంగా, వ్యూఫైండర్ (కన్ను ఆనించి చూసే కిటికీ) పైన ఉండే బరువైన గాజు పట్టకాన్ని తీసేసి, దాని స్థానంలో అద్దపు పలకలతో కట్టిన గూడు పెట్టారు. గాజు పట్టకం నుంచి వచ్చే బొమ్మ నిండుగా, వెలుగుగా ఉంటుంది. పలకల గూటిలో కొంత వెలుగు పోతుంది, బొమ్మ కూడా చిన్నదిగా కనిపిస్తుంది. మీరు 5డి వ్యూఫైండర్‌కు అలవాటుపడిన వ్యక్తి కనుక మొదటి రోజు ఇది మీకు కిటికీ మూసి సందులోంచి చూస్తున్నట్టు అనిపిస్తుంది. పైగా 200డి మార్క్ 2లోనూ, డి3500లోనూ వ్యూఫైండర్ మీకు చూపేది ఫోటోలో పడేదాంట్లో 95 శాతమే. మీరు చూడని చెత్తబుట్ట అంచున వచ్చి చేరుతుంది. నాకు ఈ అలవాటు కావడానికి నెల పట్టింది. ఇప్పటికీ అంచుల విషయంలో ఒకసారి వెనక తెర మీద సరిచూసుకుంటాను.

ఇక ఫోటో నాణ్యత. "క్రాప్ సెన్సర్‌తో ఏం వస్తుంది" అని, ఈ చిన్న సెన్సర్‌ను ఉద్దేశించి, మీ మిత్రులు అడుగుతారు. పిక్సెళ్ల విషయంలో మీ 5డి మార్క్ 3కి సుమారు 22 మెగాపిక్సెళ్లు ఉంటే, ఈ చిన్న కెమెరాలు రెండింటికీ 24 ఉన్నాయి. ఆరు వేల బై నాలుగు వేల పిక్సెళ్ల ఫోటోను అంగుళానికి 300 చుక్కల చొప్పున అచ్చు వేస్తే, 20 అంగుళాల పొడవు, 13 అంగుళాల వెడల్పు వస్తుంది. ఇంటి గోడకు అంతకంటే పెద్దది తగిలించేవారు అరుదు. వెలుతురు బాగా ఉన్నప్పుడు, తక్కువ ఐఎస్‌ఓలో (వెలుతురుకు సెన్సర్ స్పందించే స్థాయి) తీసిన ఆ సైజు ప్రింట్లు రెండు పక్కపక్కన పెడితే ఏది ఏ కెమెరాదో నేను చెప్పలేను. వెలుతురు తగ్గినప్పుడు మాత్రం తేడా నిజం. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ వైశాల్యం కెనాన్ చిన్న సెన్సర్ కంటే 2.6 రెట్లు ఎక్కువ కనుక, ఐఎస్‌ఓ 6400 దగ్గర మీ 5డి ఫోటో నునుపుగా ఉన్నప్పుడు చిన్న కెమెరా ఫోటోలో ఇసుక చల్లినట్టు గరుకు కనిపిస్తుంది. రాత్రిపూట జాతర, కోలాటం, నాటకం తీయాలన్నది మీ ప్రధాన కోరిక అయి ఉంటే నేను ఈ సలహా ఇచ్చేవాణ్ని కాను.

కానీ మీరు అడిగినది శిల్పాల గురించి. అక్కడ లెక్క తారుమారవుతుంది. శిల్పం కదలదు. మీ 24-70 ఎఫ్ 2.8 రెండవ తరం లెన్సులో చేతి వణుకును సర్దే ఏర్పాటు లేదు. చిన్న కెమెరాతో వచ్చే 215 గ్రాముల 18-55 ఎస్‌టీఎం కిట్ లెన్సులో అది ఉంది. దేవాలయ మండపంలో చీకటిగా ఉన్నప్పుడు నేను ఆ కిట్ లెన్సును 18 ఎంఎం దగ్గర ఉంచి, స్తంభానికి ఆనుకుని, ఊపిరి బిగబట్టి సెకనులో ఎనిమిదో వంతుకు తీస్తే పదింటిలో ఆరేడు స్పష్టంగా వస్తాయి. అదే పని 24-70తో చేయాలంటే షట్టర్ వేగం రెండు మూడు మెట్లు పెంచాలి, దానికోసం ఐఎస్‌ఓ పెంచాలి. అంటే పెద్ద సెన్సర్ ఇచ్చిన లాభం చాలావరకు అక్కడే ఖర్చయిపోతుంది. ట్రైపాడ్ పెట్టుకోవచ్చు కదా అంటారేమో, కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న గుళ్లలో ట్రైపాడ్‌కు ముందుగా అనుమతి తీసుకోవాలి. పైగా ట్రైపాడ్ మోయడానికి మళ్లీ ఆ భుజమే కావాలి.

రామప్ప గుడి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 2021లో యునెస్కో జాబితాలో చేరిన ఆ గుడిలో అందరూ చూడాలనుకునేవి మదనికలు, నల్లరాతి సాలభంజికలు. అవి కంటి ఎత్తులో ఉండవు. బయటి స్తంభాల పైభాగం నుంచి చూరుకు అండగా ఏటవాలుగా నిలబడి ఉంటాయి. వాటిని తీయాలంటే తల వెనక్కి వాల్చి, కెమెరాను కంటికి ఆనించి, రెండు చేతులూ పైకెత్తి చాలాసేపు ఉంచాలి. పెద్ద కెమెరాతో వెళ్లిన ఏడాది నేను మూడో మదనిక దగ్గరే చేతులు దించేశాను, తర్వాతవి ఏదో తీశాననిపించుకుని వచ్చేశాను. చిన్న కెనాన్‌తో వెళ్లినప్పుడు దాని వెనక తెరను బయటికి లాగి, పైకి తిప్పి, కెమెరాను రొమ్ము ఎత్తున పట్టుకుని కిందికి చూస్తూ తీశాను. మోచేతులు పక్కటెముకలకు ఆనుకుని ఉన్నాయి కనుక భుజానికి పని లేదు. ఒక మదనిక పాదం నుంచి ముళ్లు తీయించుకునే శిల్పం దగ్గర వెలుతురు పక్క నుంచి పడి ఆమె మెడలోని హారం నీడ రాతి మీద సన్నని గీతలుగా వచ్చేదాకా పావుగంట నిలబడ్డాను. ఆ పావుగంట ఓపిక కెమెరా తేలికగా ఉండటం వల్ల వచ్చినదే. మీ భుజం సంగతి విన్న తర్వాత 200డి మార్క్ 2 వైపే నేను మొగ్గడానికి ఇది మొదటి కారణం. డి3500 తెర కదలదు, వీపుకు అతికినట్టే ఉంటుంది. పైగా తెర మీద చూస్తూ తీసేటప్పుడు కెనాన్‌లో ఫోకస్ సెన్సర్ మీదనే, చకచకా కుదురుతుంది. నికాన్‌లో ఆ పని నత్తనడక.

మగ్గాల విషయంలో తేలికదనం కంటే చిన్నదనం ఎక్కువ పనికొస్తుంది. పోచంపల్లిలో ఒక నేత కుటుంబం ఇంట్లో గుంట మగ్గం గది ఎలా ఉంటుందో మీకు తెలిసే ఉంటుంది. మగ్గానికీ గోడకీ మధ్య మనిషి పక్కకు తిరిగి నిలబడేంత చోటే ఉంటుంది. నేను ఒకసారి పెద్ద కెమెరాతో ఆ సందులోకి దూరబోతే లెన్సు హుడ్ పోగులకు తగలబోయింది, నేసే అతను నాడె ఆపి నా చేతి వంక చూశాడు. పోగు తెగితే అతికే కష్టం ఆయనది. ఆ తర్వాత ఆ గదిలో ఉన్నంతసేపూ ఆయన చూపు పని మీద కాక నా కెమెరా మీదే ఉంది, ఆయన భార్య కొంగు సర్దుకుని గోడవైపు తిరిగింది. మరుసటి నెల అదే ఇంటికి 100డి, 40 ఎంఎం లెన్సుతో వెళ్లాను. ఆ లెన్సు మందం రెండు సెంటీమీటర్ల పైచిలుకే, బాడీ నుంచి బొడిపెలా కొంచెం బయటికి వస్తుంది. ఆవిడ చూసి, "ఈసారి పెద్దది తేలేదా అన్నా" అని నవ్వి, దారం చుట్టే పని కొనసాగించింది. నాడె ఆగలేదు. నాకు కావలసిన ఫోటో, నాడె ఒక చేతి నుంచి మరో చేతికి జారే క్షణం, ఆ రోజు దొరికింది. ఎదుటివారి ముందు మనం ఎంత చోటు ఆక్రమిస్తున్నామన్నది కెమెరా వివరాల పట్టికల్లో ఉండదు. మనుషుల ఫోటోలు తీసేవారికి మాత్రం అది ఐఎస్‌ఓ కంటే ముఖ్యం.

ఇక్కడ మీ మేనల్లుడి తరం వారెవరైనా ఒక ప్రశ్న వేస్తారు, వేయాలి కూడా. చిన్నదే కావాలనుకుంటే అద్దం లేని కెమెరాలు, అంటే మిర్రర్‌లెస్, ఇంకా చిన్నవి కదా? నిజమే. 2023లో వచ్చిన కెనాన్ ఆర్50 బ్యాటరీతో కలిపి 375 గ్రాములు. అద్దమే లేదు కనుక లెన్సుకూ సెన్సర్‌కూ మధ్య దూరం 44 నుంచి 20 మిల్లీమీటర్లకు తగ్గింది. కొత్తగా తయారయ్యే కెమెరాలు దాదాపు అన్నీ అటే పోతున్నాయి, కొత్త డీఎస్‌ఎల్‌ఆర్‌ల మీద ఆశ పెట్టుకోనక్కరలేదు. కొత్తగా మొదలుపెట్టే ఇరవై ఏళ్ల కుర్రవాడు అడిగితే నేనూ మిర్రర్‌లెస్ కొనమనే చెబుతాను. మీ సంగతి వేరు. మీ దగ్గర ఇప్పటికే కెనాన్ ఈఎఫ్ లెన్సులు ఉన్నాయి, అవి 200డి మార్క్ 2కు ఏ అడాప్టరూ లేకుండా బిగుస్తాయి. మీ కన్ను గాజులోంచి నేరుగా చూడటానికి అలవాటుపడింది. నడి ఎండాకాలం ఎండలో వెనక తెర నల్లగా కనిపించే వేళ కూడా ఆ వ్యూఫైండర్ మసకబారదు, కెమెరా ఆపేసి ఉన్నా అందులోంచి చూడవచ్చు. బ్యాటరీ సంగతీ అంతే. కంపెనీ లెక్క ప్రకారం వ్యూఫైండర్ వాడితే ఒక్క ఛార్జింగ్‌కు 200డి మార్క్ 2 సుమారు 1070 ఫోటోలు, డి3500 సుమారు 1550 ఫోటోలు తీస్తాయి. మూడు రోజుల యాత్రకు ఛార్జర్ మరిచిపోయినా కంగారు పడక్కరలేదు. తెర మీద చూస్తూ తీస్తే ఆ అంకెలు బాగా పడిపోతాయి కనుక, మదనికల లాంటి చోట తప్ప కంటికి ఆనించే తీయండి.

నికాన్ డి3500ను తీసిపారేయలేను. చేతికి అది ఎంత హాయిగా ఉంటుందో కెనాన్ అంత హాయిగా ఉండదు. దాని పిడి లోతుగా ఉంటుంది, నాలుగు వేళ్లూ కుదురుతాయి. చిన్న కెనాన్‌లు పట్టుకుంటే నా చిటికెన వేలు కింద గాలిలో వేలాడుతుంది. 205 గ్రాముల కిట్ లెన్సుతో డి3500 మొత్తం 620 గ్రాములు. దానికి 35 ఎంఎం ఎఫ్ 1.8 లెన్సు, అదీ 200 గ్రాములే, తోడైతే ఇంటి ఫోటోలకు ఇంకేమీ అక్కరలేదు. కాకపోతే నికాన్ దానిలో చాలా కోసేసింది: మైక్ పెట్టుకునే రంధ్రం లేదు, సెన్సర్ మీది దుమ్మును తనంతట తాను దులుపుకునే ఏర్పాటు లేదు. ఇంకొకటి, మీ వయసు వారికి ఇది ముఖ్యం. వ్యూఫైండర్ పక్కనున్న చిన్న చక్రం తిప్పి చూపుకు తగ్గట్టు సర్దుకునే వీలు డి3500లో మైనస్ 1.7 నుంచి ప్లస్ 0.5 దాకానే ఉంది, కెనాన్‌లో మైనస్ 3 నుంచి ప్లస్ 1 దాకా ఉంది. కళ్లద్దాలు తీసి తీయాలనుకుంటే కెనాన్‌లోనే కుదిరే అవకాశం ఎక్కువ. చాలామంది ఈ చక్రాన్ని ఒక్కసారి కూడా తిప్పకుండానే "వ్యూఫైండర్ మసకగా ఉంది" అని కెమెరాను తిట్టుకుంటారు.

లెన్సు, బాడీ పొత్తు విషయంలో నేను దెబ్బ తిన్నాను కనుక అదీ చెబుతాను. 2006లో వచ్చిన నికాన్ డి40ని, అది మార్కెట్‌లో లేని రోజుల్లో, ముచ్చటపడి ఒక సెకండ్ హ్యాండ్ దుకాణంలో కొన్నాను. దానితో పాటు 50 ఎంఎం ఎఫ్ 1.8 డి లెన్సు చవకగా ఇస్తామన్నారు, "ఇది అన్ని నికాన్‌లకూ పనిచేస్తుంది సార్" అన్నారు. బిగిస్తే బిగిసింది. ఇంటికి వచ్చి బటన్ నొక్కితే ఫోకస్ కదలలేదు. ఆ లెన్సులో మోటారు లేదు, చిన్న నికాన్ బాడీల్లోనూ మోటారు లేదు. బరువు, ధర తగ్గించడానికి తీసేసిన వాటిలో అది ఒకటి. దుకాణం వారు వెనక్కి తీసుకోలేదు, ఆ లెన్సును మనవరాలి నవ్వుల వెంట చేత్తో తిప్పుకుంటూ ఆరు నెలలు వాడాను. కనుక నికాన్ తీసుకుంటే లెన్సు పేరులో ఏఎఫ్-ఎస్ అని గానీ ఏఎఫ్-పి అని గానీ ఉందో లేదో చూడండి. ఏఎఫ్-పి అయితే డి3200, అంతకంటే పాత చిన్న బాడీల మీద అదీ పనిచేయదని గుర్తుంచుకోండి. కెనాన్‌లో ఈ బెడద లేదు, మోటారు ఎప్పుడూ లెన్సులోనే ఉంటుంది. అక్కడ వేరే మెలిక ఉంది: 200డి మార్క్ 2లో ఫ్లాష్ తగిలించే చోట నడిమి పిన్ను తీసేశారు. కెనాన్ ఫ్లాష్‌లు వెలుగుతాయి కానీ, ఆ ఒక్క పిన్ను మీదే ఆధారపడే, ఫ్లాష్‌ను దూరం నుంచి వెలిగించే చవక ట్రిగ్గర్లు, పాత మాన్యువల్ ఫ్లాష్‌లు వెలగవు. ఒక పక్క మీ ఈఎఫ్ లెన్సులు కొత్త బాడీకి సరిపోతాయి కానీ, చిన్న బాడీ కోసం కొనే ఈఎఫ్-ఎస్ లెన్సులు తిరిగి 5డికి బిగవవు. మీ 5డి బ్యాటరీలు కూడా దీనిలో పట్టవు.

తేలిక కెమెరాను పట్టుకునే పద్ధతి మార్చుకోవాలి. బరువైన కెమెరా తన బరువుతోనే కుదురుగా ఉంటుంది. తేలికైనది షట్టర్ బటన్ నొక్కే వేలి విసురుకే కదిలిపోతుంది. మొదటి వారం మీ ఫోటోలు కాస్త వణికినట్టు వస్తే కెమెరాను అనుమానించకండి. ఎడమ అరచేతిని లెన్సు కింద దోసిలిగా పెట్టి, బరువంతా ఆ చేతి మీదే ఉంచి, కుడిచేత్తో ఊరికే పట్టుకుని, బటన్‌ను గుచ్చకుండా మెల్లగా ఒత్తండి. మీ నొప్పి కుడి భుజానికే కనుక ఇది రెండు విధాలా మేలు. మీ 70-200ను ఎప్పుడైనా దీనికి తగిలిస్తే, లెన్సు బరువు కెమెరాకు మూడు రెట్లు ఉంటుంది కనుక, కెమెరాను పట్టుకుని ఎత్తకండి, లెన్సును పట్టుకుని ఎత్తండి. నా మాట వింటే అసలు తగిలించకండి. ఇంకొక ఇబ్బంది, వీటికి తిప్పే చక్రం ఒక్కటే. మాన్యువల్‌లో అపర్చర్ (లెన్సు లోపలి రంధ్రం సైజు) మార్చాలంటే ఒక బటన్ నొక్కిపట్టి చక్రం తిప్పాలి. రెండు చక్రాలకు అలవాటుపడిన మీకు ఇది విసుగు పుట్టిస్తుంది. నేనైతే అపర్చర్ ప్రయారిటీలో, అంటే అపర్చర్ మనం ఎంచుకుంటే షట్టర్ వేగాన్ని కెమెరాయే చూసుకునే పద్ధతిలో, పెట్టేసి ఆ విసుగును వదిలించుకున్నాను.

కొనేటప్పుడు ఏ లెన్సు తీసుకోవాలన్నది మీరు అడగలేదు కానీ, అసలు ఆకర్షణ అంతా అక్కడే ఉంది. కిట్ లెన్సును తీసిపారేయకండి, శిల్పాలకు అదే ఆధారం. దానికి తోడు 24 ఎంఎం పలుచని లెన్సు. అది ఈ సెన్సర్ మీద పాతకాలపు 38 ఎంఎం చూపు ఇస్తుంది, మగ్గం గదికీ, మనవళ్లకూ సరిగ్గా సరిపోతుంది. ఈ రెండింటితో ఒక ఆర్నెల్లు తీసి చూడండి. 55-250 అవసరమో కాదో అప్పుడు మీకే తెలుస్తుంది. ఒకేసారి మూడూ కొంటే మళ్లీ సంచి, మళ్లీ భుజం. సంచి కూడా వద్దు. 24 ఎంఎం బిగించిన 200డి ఖద్దరు చేతిసంచిలో, నీళ్ల సీసా పక్కన, తువ్వాలులో చుట్టుకుని పట్టేస్తుంది. కెమెరాతో వచ్చే స్ట్రాప్ మీద మోడల్ పేరు పెద్ద అక్షరాలతో ఉంటుంది. దాన్ని తీసేసి మామూలు నల్ల స్ట్రాప్ వేసి, మెడకు కాక ఎడమ భుజం మీదుగా అడ్డంగా వేసుకోండి.

సెకండ్ హ్యాండ్‌లో చూసుకోవలసినవి కొద్దిగానే ఉన్నాయి. షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో అడగండి. పెళ్లిళ్లలో రెండో కెమెరాగా వాడినది అయితే వద్దు, ఇంట్లో పిల్లల కోసం కొని మూల పడేసినది అయితే మేలు. అపర్చర్‌ను ఎఫ్ 16 దగ్గర పెట్టి తెల్లగోడను ఫోటో తీసి, పెద్దది చేసి చూస్తే సెన్సర్ మీది మచ్చలు బయటపడతాయి. తెరను అన్ని వైపులా తిప్పి చూడండి, ఆ మడతబందు దగ్గరే అవి పాడవుతాయి. లెన్సులోకి వెనక నుంచి సెల్‌ఫోన్ లైటు వేసి, ముందు నుంచి చూడండి. సాలెగూడు లాంటి సన్నని పోగులు కనిపిస్తే అది బూజు, ఎంత చవకైనా వదిలేయండి.

అదే పరీక్ష ఈ రాత్రే మీ బీరువాలోని లెన్సులకు కూడా చేయండి. రెండేళ్లు గాలీ వెలుతురూ లేకుండా తోలు సంచిలో ఉన్న లెన్సులకు, అందులోనూ మీది కోస్తా ఊరు కనుక, బూజు పట్టే ప్రమాదం ఎక్కువ. బట్టల కోసం వేసిన కలరా ఉండలు గానీ, కర్పూరం గానీ ఆ అరలో ఉంటే కెమెరాను వెంటనే అక్కడి నుంచి తీసేయండి, వాటి దగ్గర పెట్టవద్దని కెమెరాల వాడక పుస్తకాల్లోనే హెచ్చరిస్తారు. మూత బిగువుగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి అందులో ఉంచి, నెలకొకసారి బయటికి తీసి నాలుగు ఫోటోలు కొట్టండి. లెన్సులు శుభ్రంగా ఉంటే 70-200ను అమ్మేయండి. దానికి వచ్చే డబ్బుతో చిన్న కెమెరా ఖర్చు చాలావరకు తీరిపోవచ్చు. 5డిని, 24-70ని మాత్రం తొందరపడి అమ్మవద్దు. మనవళ్ల పుట్టినరోజులకు, ఇంట్లోనే కుర్చీలో కూర్చుని తీసే ఫోటోలకు అవి ఇంకా పదేళ్లు పనిచేస్తాయి. బూజు కనిపిస్తే మాత్రం ఇంట్లో విప్పే ప్రయత్నం చేయకుండా, ఏ గాజు మీద ఎంత మేర ఉందో ఫోటో తీసి నాకు పంపండి, బాగుచేయించడం గిట్టుబాటు అవుతుందో లేదో చూసి చెబుతాను.